చిన్న సిలిండరుకు పెద్ద ధర ఏల?

బీదవాడు ఏది కొన్నను చిల్లరగా కొనును. చిల్లరగా కొన్నవాడు హెచ్చు ధర చెల్లించును. అంగడి నడుపుకొను మాకిది క్రొత్త సంగతి కాదు. బస్తా బియ్యము ఒక్కసారి ఎత్తుకొని పోవువానికి ఒక ధర, పూటకు చాలినంత పొట్లము కట్టించుకొను వానికి వేరొక ధర. తూకములో తరుగు, కాగితము, పనివాని కూలి, ఇవన్నియు చిల్లర ధరలోనే రాబట్టుకొనవలెను గనుక అందు కొంత న్యాయము లేకపోలేదు. కాని ప్రజల సొత్తుతో నడచు చమురు కంపెనీలు, బీదల వంటింటి పేరు చెప్పి అమ్ము వస్తువునందు గూడ ఇదే చిల్లర బేరము నడుపుచుండగా, దానిని మేమెంత ఆలోచించినను సమర్థింపజాలకున్నాము.

లెక్క చూడుడు. 2025 ఏప్రిల్ 8వ తేదీన యాబది రూపాయలు పెంచిన పిదప, చెన్నపురిలో గృహావసరములకు అమ్ము 14.2 కిలోల సిలిండరు, అనగా జనము ‘బండ’ యని పిలుచునది, రూ. 868.50 అయినది. కిలో రమారమి 61 రూపాయలు. ప్రధానమంత్రి ఉజ్జ్వల యోజనలో చేరిన ఇల్లాలికి అందులో 300 రూపాయలు తిరిగి బ్యాంకులో పడుచుండెను గనుక అప్పుడు ఆమెకు కిలో 40 రూపాయలు పడినది. అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హోటళ్ళకు అమ్ము 19 కిలోల సిలిండరు ధర రూ. 1,738, అనగా కిలో 91 రూపాయలకు పైమాట. హోటలు వాడు వ్యాపారి, దోసె ధరలో దానిని రాబట్టుకొనగలడు, చెల్లించుగాక. కాని కాగితములు లేని కూలివాని సంగతి ఏమి? వానికై 5 కిలోల చిన్న సిలిండరు ఉన్నది. ఇండియన్ ఆయిల్ వారు దానికి ‘ఛోటూ’ యని ముద్దుపేరు కూడ పెట్టినారు. చిరునామా ఋజువు అక్కరలేదు, ఏజెన్సీలోను పెట్రోలు బంకులోను దొరకును. వినుటకు బాగుగనే యున్నది. కాని దానిని అమ్మునది ఇంటి ధరకు కాదు, వ్యాపారపు ధర తరగతిలో! పైగా మొదటిసారి ఖాళీ సిలిండరు వెల కూడ చేతినుండియే పెట్టుకొనవలెను.

ఇందులో మరియొక విచిత్రము కలదు. కనెక్షను గల ఇంటికి 5 కిలోల సిలిండరే కావలెనన్న, దానిని గృహావసరపు ధరకే ఇత్తురు. ఉజ్జ్వల వారికైనచో సబ్సిడీ కూడ ఆ నిష్పత్తిలో వచ్చును. ఇనుము అదే, అందులోని వాయువు అదే, నింపిన కంపెనీయు అదే. కాగితమున్నవానికి ఒక ధర, లేనివానికి 2025లో దాదాపు ఒకటిన్నర రెట్లు. 2025 లెక్కలో నలువది రూపాయలు, అరువదియొక్క రూపాయలు, తొంబదియొక్క రూపాయలు: ఈ మూడు మెట్లలో కడపటి మెట్టుపై నిలుచున్నవాడు అందరికన్న బీదవాడు. మా అంగడిలో మేమిట్టి ధరల పట్టిక గోడకు తగిలించినచో జనము మమ్ము నిలువనిత్తురా?

ఈ కడపటి మెట్టుపై నున్నవారు ఎవరో మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. వారిలో మనవారు అనేకులు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి వచ్చి, మేడలు కట్టుచోట రేకుల పాకలలో నివసించు కూలీలు. 2014 జూన్ 28వ తేదీన మౌలివాక్కములో పదునొకండు అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించినప్పుడు, ఇట్టి తెలుగువారు ఇందరు ఈ నగరములో నున్నారా యని పత్రికలు ఆశ్చర్యపడినవి. ఆ నాలుగు దినములు వారి జిల్లాల పేర్లు అందరి నోట పలికినవి. తరువాత ఎవరికిని జ్ఞప్తి లేదు. వారు బ్రతికియుండగా ఏమి వండుకొని తినుచున్నారు, దేనితో వండుకొనుచున్నారు అను ప్రశ్న అప్పుడును రాలేదు, ఇప్పుడును రాలేదు.

అట్టి పాకలలో మేము చూచినది చెప్పెదము. ఒక గదిలో అయిదారుగురు పురుషులు. భార్యాబిడ్డలు ఊరిలో. ఉజ్జ్వల కనెక్షను స్త్రీ పేరిటనే ఇత్తురు గనుక వీరికి ఆ ద్వారము మూసియే యున్నది. రేషను కార్డు ఊరిలో నున్నది. ఇచ్చటి యజమాని బాడుగ పత్రము వ్రాసి ఇయ్యడు. కావున కొందరు సెంట్రింగు పనిలో మిగిలిన చెక్క ముక్కలు కాల్చుకొందురు. మేకులును సిమెంటును అంటిన ఆ చెక్క పొగ కండ్లలో కారము చల్లినట్లుండును. కొందరు ఏదో సందులోని కొట్టులో కిలో లెక్కన గ్యాసు పట్టించుకొందురు. పెద్ద సిలిండరునుండి చిన్నదానిలోనికి రబ్బరు గొట్టముతో ఎక్కించు ఆ పని చట్టవిరుద్ధము, అపాయకరము. కొట్టువాడు చెప్పినదే ధర, వాడు తూచినదే తూకము. పోలీసులు వచ్చి కొట్టు మూయింతురు. మూడు దినములలో ప్రక్క సందులో తెరచుకొనును. మూయించినవారు ఆ కూలివానికి మరియొక త్రోవ చూపినారా యన్న, లేదు.

వాని భార్య మాత్రము ఊరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు దీపము-2 పథకము క్రింద, 2024 నవంబరు 1నుండి, ఏటికి మూడు సిలిండర్లు ఉచితముగా పొందుచున్నది. భార్యకు ఉచితము, ఇచ్చట ఇటుకలు మోయు భర్తకు కిలో తొంబదికి పైన! సరిహద్దు దాటినంతనే మనిషి బీదరికము తగ్గునా?

ఇంతకును సబ్సిడీ అనునది ఒకప్పుడు అందరికిని ఉండెడిది. 2012 సెప్టెంబరులో ఏటికి ఆరు సిలిండర్లకే యని కోత పెట్టిరి. గగ్గోలు పుట్టగా 2013 జనవరిలో తొమ్మిది చేసిరి, 2014లో పండ్రెండు చేసిరి. 2015 జనవరి 1నుండి దేశమంతట, ముందు పూర్తి ధర చెల్లించుడు, పిదప సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలో వేసెదమనిరి. ఆ సంవత్సరమే కలిగినవారు సబ్సిడీ వదలుకొనవలసినదని ప్రధానమంత్రి పిలుపునీయగా కోటి మందికి పైగా వదలుకొనిరి. అది మెచ్చదగిన పనియే. మనలోను అనేకులు వదలుకొన్నారు. ఆ మిగులు సొమ్ము బీదలకు పోవుననియే గదా వదలుకొన్నది?

పిమ్మట జరిగినది చూడుడు. 2020 మే నెలలో ప్రపంచమున చమురు ధరలు పడిపోయి చెన్నపురిలో సిలిండరు రూ. 569.50కి దిగినది. ఇంత చౌకైనప్పుడు ఇక సబ్సిడీ ఏల యని ఆ వేసవినుండి ఖాతాలలో వేయుట మానివేసిరి. ప్రకటన లేదు, చర్చ లేదు. అందరును కరోనా భయముతో తలుపులు బిగించుకొని యున్న దినములవి, ఎవరు గమనింపగలరు? తరువాత ధర మరల ఎక్కనారంభించినది. 2023 మార్చి 1న అదే సిలిండరు రూ. 1,118.50. మూడు సంవత్సరములు నిండకుండగనే దాదాపు రెండింతలు. ధర తిరిగి వచ్చినది గాని సబ్సిడీ తిరిగి రాలేదు. ఉజ్జ్వల వారికి మాత్రము 2022 మే నెలలో 200, 2023 అక్టోబరులో 300 చేసిరి. 2023 ఆగస్టు చివర 200 రూపాయలు, 2024 మార్చిలో 100 రూపాయలు ధర తగ్గించిరి, నిజమే. ఎన్నికలు దగ్గరపడినప్పుడు ఏలికలకు వంటిల్లు జ్ఞప్తికి వచ్చుట మంచిదే. కాని ఉజ్జ్వలలో చేరలేకపోయిన బీద ఇల్లు, మైలాపూరులోని కోటీశ్వరుని ఇల్లు, ఈ రెండును ఒక్క ధరయే చెల్లించుచున్నవి. ఆ ధరకైనను నోచుకొననివారు పైన చెప్పిన కూలీలు.

కిరసనాయిలు సంగతి వేరుగ చెప్పనేల? 2016నుండి కొలది పైసల చొప్పున వరుసగా ధర పెంచుచు, నాలుగేండ్లలో కేంద్రము ఆ సబ్సిడీని పూర్తిగా తుడిచివేసినది. మా చిన్ననాట రేషను కొట్టు ముందు డబ్బాల వరుస వీధి మలుపు వరకు సాగెడిది. ఆ వరుసలో నిలుచుట సుఖమని మేమనుట లేదు. కాని డబ్బా నిండుటకు పది రూపాయలున్న చాలెడిది. ఆ పొయ్యి ఆరిపోయినది. దాని స్థానమున వచ్చిన పొయ్యి వెలిగించుటకు ఒక్కసారిగ ఎనిమిది వందలకు పైగా కావలెను.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. ఢిల్లీలో పథకములు వ్రాయువారికి పెట్టుబడి అన నేమో తెలియును గాని చేతి సొమ్మన నేమో తెలియదు. మున్సిపాలిటీలో చీపురు పట్టు మన తెలుగు కుటుంబములు, నదీతీరముల గుడిసెలనుండి లేపివేయబడి కన్నగి నగరులోను పెరుంబాక్కములోను వేయబడినవారు, వీరిలో అనేకులకు కనెక్షను ఉన్నది, కార్డును ఉన్నది. ఉండియు నెలాఖరున బండ ఖాళీ అయిన, తిరిగి తెచ్చుకొనుటకు 2025 ఏప్రిల్ ధర ప్రకారము వెంటనే 868 రూపాయలు తీయవలసి యుండెను. మూడువందలు తరువాత ఎప్పుడో ఖాతాలో పడును. పడిన దినమే బ్యాంకువారు కనీస నిల్వ లేదని కోత కోయుటయు ఉన్నది. ఆ ఎనిమిది వందలకై వడ్డీవాని వద్దకు పోయినచో సబ్సిడీ ఎవరికి దక్కినట్లు? ప్రభుత్వపు లెక్కలే సాక్ష్యము. ఉజ్జ్వల కుటుంబము సగటున ఏటికి కొన్న సిలిండర్లు 2019-20లో సుమారు మూడు, 2021-22లో 3.68, 2024-25లో 4.47. పెరిగినవని ప్రకటనలలో చాటుచున్నారు. ఏటికి నాలుగున్నర బండలతో ఏ ఇల్లు పండ్రెండు నెలలు వండుకొనగలదు? మిగిలిన నెలలు పుల్లలే. 2025 ఆగస్టులో మంత్రివర్గము సబ్సిడీకి ఏటా తొమ్మిది సిలిండర్ల పరిమితి విధించి 12,000 కోట్లు కేటాయించినప్పుడు, తొమ్మిది చాలవని కొందరు వాదించిరి. అయ్యా, తొమ్మిదవ సిలిండరు గడపను చూచిన బీదయిల్లు ఏది?

ఇక రాష్ట్రము. తమిళనాడు ప్రభుత్వము బీదలకు చేయుట లేదని మేమనము, అటులన్న కృతఘ్నత. రేషను బియ్యము ఉచితము. స్త్రీలకు నెలకు వెయ్యి రూపాయలు 2023 సెప్టెంబరునుండి ఇచ్చినారు. 2006 తరువాత కరుణానిధిగారి ప్రభుత్వము ఉచితముగా గ్యాసు పొయ్యియు కనెక్షనును పంచినప్పుడు మన వాడలలో ఎన్నియో కట్టెల పొయ్యిలు చల్లారినవి. కాని 2021 ఎన్నికల ప్రణాళికలో ద్రవిడ మున్నేట్ర కళగము సిలిండరుకు వంద రూపాయల సబ్సిడీ ఇచ్చెదమని అచ్చు వేయించినది. గెలిచినది. 2025వ సంవత్సరము గడచినను ఆ వంద రాలేదు. కేంద్రము ధరలు పెంచినదని వారు, రాష్ట్రము మాట తప్పినదని వీరు. ఈ ఇరువురి జగడములో పొయ్యి వెలుగదు. తెలంగాణములో 2024 ఫిబ్రవరి 27నుండి అయిదు వందలకే సిలిండరు ఇచ్చుచుండగా, ఆంధ్రములో మూడు ఉచితముగా ఇచ్చుచుండగా, ఈ ధనిక రాష్ట్రమునకు వంద రూపాయలు బరువా? ‘అయినచో మీరు ఆంధ్రమునకే పొండు’ అని ఎవరైన ననవచ్చును. ఈ నగరపు వీధులు ఊడ్చువారు, మేడలు కట్టువారు, కాశిమేడులో వలలు లాగువారు ఎల్లుండి నిజముగా పోయినచో ఏమగునో అట్లనువారే ఊహించుకొనవచ్చును.

కాగితము లేకుండ సాయము చేయుట అసాధ్యమని అధికారులందురు. అబద్ధము. ఈ రాష్ట్రములోనే 2016నుండి ప్రతి ఇంటికి రెండు నెలలకు 100 యూనిట్ల విద్యుత్తు ఉచితము. దానికి దరఖాస్తు లేదు, వ్రేలిముద్ర లేదు, బిల్లులోనే తగ్గిపోవును. (ఆ ఉచితమును అద్దెవానికి చేరనీయక యూనిటుకు తమ ధర కట్టి వసూలు చేయు ఇంటి యజమానులు మన వీధులలోను కలరు, వారి కథ మరియొక వారము.) కావలెనన్న మార్గముండును. కేంద్రము వారే 2021 ఆగస్టు 10న రెండవ విడత ఉజ్జ్వలను ప్రారంభించినప్పుడు, వలస వచ్చినవారు రేషను కార్డు గాని చిరునామా పత్రము గాని తేనక్కరలేదు, స్వయముగా వ్రాసి ఇచ్చిన ధ్రువీకరణ చాలునని నియమము పెట్టిరి. మంచి నియమము. కాని మేము ఒక తెలుగు ఇల్లాలిని వెంటబెట్టుకొని ఒక ఏజెన్సీకి పోగా, బల్ల వెనుకనున్న యువకుడు అట్టిది తానెన్నడు వినలేదనెను. నియమము ముద్రించిన కాగితము చూపగా, ఆంగ్లములో నున్నది గనుక కాబోలు, రెండుమారులు త్రిప్పి చూచి, ‘లోకల్ కార్డు తెండు’ అనెను. పిదప ఆమె చేతికి ఇచ్చిన పత్రము తమిళ ఆంగ్లములలో నున్నది. ఆమెకు చదువు వచ్చునది తెలుగు ఒక్కటే. అయిదవ తరగతి వరకు చదివినదట, తన పేరు ముత్యముల వలె వ్రాసినది. ఏమి చదివి సంతకము చేయవలెను?

ఇచ్చట మన సంఘమునకు సూటిగ సంబంధించిన విషయము వచ్చినది. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, తన కష్టమును విన్నవించుకొను ప్రతి వ్యక్తియు కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను అర్జీ పెట్టుకొనవచ్చును. అది దయ కాదు, హక్కు. ఆ హక్కును మనము పాఠశాలల విషయమునను పాఠ్యపుస్తకముల విషయమునను జ్ఞప్తికి తెచ్చుకొందుము, మంచిదే. 350-బి ప్రకారము భాషాల్పసంఖ్యాకుల కమిషనరు ఒకరుండుట ఉపన్యాసములలో చెప్పుకొందుము. నవంబరు 1న పొట్టి శ్రీరాములుగారి పటమునకు పూలమాలలు వేయుదుము. కాని భాష యన కవిత్వమును అవధానమును మాత్రమేనా? గ్యాసు పత్రముపై తెలుగు లేక ఒక పేదరాలు మూడువందలు పోగొట్టుకొన్నచో అది భాషా సమస్య కాదా? మన సభలకు వచ్చు పెద్దలు ఈ మాటకు మొగము చిట్లించినను మేము అనక మానము.

మరియొక మాట కూడ అనవలెను, ఇది మన వర్తక సోదరులకు. సబ్సిడీ దారి తప్పుచున్నదని ఏలికలు చెప్పుటకు ఆధారము మనలో కొందరు ఇచ్చుచున్నారు. టీ అంగళ్ళలోను, మెస్సులలోను, మిఠాయి బట్టీల వద్దను ఎఱ్ఱని గృహావసర సిలిండరు మండుచుండుట మేము ఎరుగుదుము. 2025 సెప్టెంబరులో 19 కిలోలది కిలో 91, ఇంటిది కిలో 61 ఉండెను. ఈ ముప్పది రూపాయల తేడాకు ఆశపడుట. 2000 సంవత్సరపు ఎల్.పి.జి. సరఫరా ఉత్తర్వు ప్రకారము అది నేరము. ‘అందరు చేయుచున్నారు గదా’ అను సమాధానము మా చెవికెక్కదు. ఆ సిలిండరు పట్టుబడిన ప్రతిసారి, చూచితిరా, దుర్వినియోగము, ఇంకను బిగింపవలెనని పైవారందురు; ఆ బిగింపు పడునది అంగడివాని మీద కాదు, పాకలోని కూలివాని మీద.

మేము కోరునది విశేషమేమియు లేదు. కూలి పని చేయువాడు తన ఆధార్ చూపి, ఇచ్చట పని చేయుచున్నానని తాను వ్రాసి ఇచ్చినచో, స్త్రీయైనను పురుషుడైనను, నెలకు ఒక 5 కిలోల సిలిండరు గృహావసరపు ధరకే ఇయ్యవలెను. చమురు కంపెనీల లాభములలో అది చీమ తలకాయంత. ఉజ్జ్వల వారివద్ద ముందే మూడువందలు తగ్గించి మిగిలినది మాత్రమే తీసికొనవలెను; ఆ మూడువందలు ఖాతాలకు పంపుచున్న ప్రభుత్వమునకు నేరుగ కంపెనీకి పంపుట కష్టమా? రాష్ట్ర ప్రభుత్వము, అది ఏ పార్టీ చేతిలో నున్నను, సిలిండరుకు వంద రూపాయల మాటను రేషను కార్డు గల ప్రతి ఇంటికి నిలువబెట్టవలెను. తెలుగువారు హెచ్చుగ నున్న పేటలలోని ఏజెన్సీలలో దరఖాస్తులును, జాగ్రత్త సూచనలును తెలుగులో గూడ ఉంచవలెను. గ్యాసు కారినప్పుడు పిలువవలసిన 1906 సంఖ్య కూడ మన వాడలలో పదిమందికి తెలియదన్నచో ఆ సూచనలు ఎవరికొరకు?

ఈ కోరికలతో తెలుగులో అర్జీ సిద్ధమగుచున్నది. ఒక ప్రతి మూడు చమురు కంపెనీల కార్యాలయములకు, ఒక ప్రతి రాష్ట్ర ఆహార శాఖకు, ఒక ప్రతి భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకు పోవును. తెలుగులో వ్రాసినది చదువజాలమని ఎవరైన త్రిప్పి పంపినచో, ఆ త్రిప్పి పంపిన కాగితమును ఈ పత్రికలో అచ్చు వేయుదుము. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి సంఘ కార్యాలయములో సంతకములు తీసికొనబడును. కనెక్షను లేనివారు ఆధార్ నకలును, కనెక్షను ఉండి సబ్సిడీ పడనివారు గ్యాసు పుస్తకమును బ్యాంకు పాసుపుస్తకమును తేవలెను. దినకూలి పోగొట్టుకొని రాజాలని వారికొరకు సాయంకాలము ఏడు గంటల తరువాత పని స్థలములకే కొందరు వెళ్ళుదురు. అందులకు తెలుగును తమిళమును వ్రాయ నేర్చిన యువకులు పదిమంది కావలెను. పేర్లు శుక్రవారములోగా ఇయ్యవలెను.